గోలెంల ఫ్రూట్ పంచ్

నేను బస్సు కండక్టర్‌ను. నిజామాబాద్, బోధన్ నడుమ తిరిగే బండి మీద పదకొండేండ్ల సంది చేస్తున్న. ఎవరు ఫోన్ల ఏం చూస్తున్నరో చూసే తీరిక నాకు ఉండది గని చెవులైతె మూసుకోలేను. ఇప్పుడు ఎవరి ఫోను వాళ్లకు ఒక్కరికే కాదు, బస్సు మొత్తానికి వినవడుతది. ఆ ఎండకాలం మొదట్ల, ముందు సీట్ల రోజు కూసునే ఒక పిల్ల ఫ్రూట్ పంచ్ చేసే వీడియో పెట్టింది. సారంగపూర్ కాడ మొదలైంది. నేను టికెట్లు కొట్టుకుంట వెనుకదాక పోయి మళ్ల ముందుకు వచ్చేసరికి సంత్ర రసం, అననాస రసం పోసుడు అయిపోయింది. అల్లం పడ్డది, పుదీన పడ్డది, చిటికెడు ఉప్పు పడ్డది. రాత్రంత నానితె రుచి వస్తదని వీడియోల ఆమె చెప్తుండంగ ఎడపల్లి వచ్చింది, ఆ పిల్ల ఫోను సంచిల ఏసుకొని దిగిపోయింది. తర్వాత ఏం చెయ్యాల్నో నాకు తెల్వది. ఆ వీడియోను నేను ఎన్నడు కంటితోని చూడలే.

మాది బోధన్‌ల ముప్పై ఇండ్ల గల్లీ. సగం ఇండ్లు మావోళ్లవి, సగం ముస్లింలవి. వాళ్లు మాకంటె ముందు సంది ఉన్నోళ్లు. మా గోడ పక్కనే ఉండే పెద్దామెను అందరు ఆపా, అంటె అక్క, అని పిలుస్తరు. వాళ్ల ఇంట్ల నాలుగు తరాల సంది రేకు పెట్టెలు చేస్తరు. ఆపాకు అరవై దాటినయి. మాట మెల్లగ మాట్లాడుతది గని ఒక్కసారి అన్నదంటె గల్లీల దానికి అప్పీలు లేదు.

ఆ ఏడు ఉగాది, రంజాన్ పక్కపక్కనే పడ్డయి. ఉగాది నాడు మాపటికి నెలవంక కనవడితె తెల్లారే రంజాన్. ఇంత దగ్గరగ రెండు పండుగలు వచ్చినప్పుడు ఎవరింట్ల వాళ్లు కూసునుడేంది, రంజాన్ నాడు మాపటికి గల్లీల కుర్చీలేసి అందరం కలిసి కూసుందమని మాట వచ్చింది. తిండి సంగతి అర్ధగంటల తేలింది. తాగేదానికాడ ఆగింది.

మా అత్తమ్మ ఉగాది పచ్చడి పోద్దమన్నది. మా దిక్కు ఉగాది పచ్చడి నాకేది కాదు, గిలాసల పోసుకొని తాగేది. కొత్త కుండల చింతపండు పులుసు, బెల్లం, మామిడికాయ ముక్కలు, మీద వేపపువ్వు. ఆపా కోడండ్లు దాన్ని ఒకసారి మర్యాదకు తాగినోళ్లు. తాగి ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. పోనీ గులాబి షర్బత్ అంటె, నెలరోజుల సంది ఇఫ్తార్‌ల అదే తాగుతున్నమని వాళ్లే వద్దన్నరు. అందరు ఊకున్నప్పుడు నేను నోరు తెరిచిన. ఫ్రూట్ పంచ్ చేద్దమన్న. అందరు నా దిక్కు తిరిగిండ్రు. నాకు వచ్చనుకున్నరు. రాదని చెప్పేటందుకు అప్పటికే ఆలస్యమైంది.

పంచ్ అంటె ఏందో ఎవ్వరికి తెల్వది. అత్తమ్మకు పంచె అని వినవడ్డది. మొగోళ్లకు పంచెలు పెడుతున్నరనుకొని, ఎంతమందికి పెడ్తరు, అంచు ఏ రంగు అని అడిగింది. మా ఆయన ఇంగ్లీషుల పంచ్ అంటె గుద్దు అని చెప్పిండు. పండ్లను గుద్ది రసం తీస్తరు గావచ్చు అన్నడు. ఆపా తేల్చింది. పాంచ్ అంటె ఐదు, ఐదు పండ్లు వేస్తరు గనుక పంచ్. అందరికి సమ్మతి అయింది. వీడియోల రెండే పండ్ల పేర్లు విన్నట్టు నాకు యాది ఉన్నది గని, నా చెవుల మీద నాకే నమ్మకం లేక ఊకున్న.

ఏ ఐదు పండ్లన్నది తేలేటందుకు రెండు మాపులు పట్టింది. తర్బూజ, అననాస, సంత్ర, అంగూర్, నాలిగింటికాడ లొల్లి లేదు. ఐదోది మామిడికాయ ఉండాలె అన్నది అత్తమ్మ. అది కాయ, పండు కాదని ఎదురింటోళ్లు. ఉగాదికి మామిడికాయ లేకుంటె ఏడాదంత చప్పగ పోతదని అత్తమ్మ. ఆఖరికి, కొద్దిగ దోరగ ఉన్న మామిడికాయ తెస్తె అటు కాయ, ఇటు పండు అని రాజీ అయింది. దోరకాయలు ఏరుకొచ్చే పని మా ఆయనకు పడ్డది. ఆయన ఒక్కొక్క కాయను రెండు దిక్కుల వాళ్లకు చూపించి ఒప్పించి తెచ్చిండు.

గప్పుడే లాబు సారు వచ్చి కూసున్నడు. ఆయన గల్లీ మూలకు ఉంటడు. చక్కెర ఫ్యాక్టరీ లాబుల ముప్పై ఏండ్లు చేసిండు. అది మూతపడి ఏండ్లయింది గని సారుకు మాత్రం ఇంక డ్యూటీ దిగినట్టు లేదు. చాయ్ తాగినా చక్కెర ఎంత శాతమో చెప్తడు. మేం పండ్ల గురించే కొట్లాడుతున్నం, రసం సంగతి ఎవరన్న ఆలోచించిండ్రా అని అడిగిండు. ఎవ్వరు ఆలోచించలే. బోధన్‌ల ఉండి చెరుకు రసం కాకుండ ఇంకేదన్న పోస్తె మనల జూసి లోకం నవ్వుతదన్నడు. మరి చెరుకు కలిస్తె ఆరు అయితయి గదా అని ఆపా అడిగింది. చెరుకు పండు కాదు, గడ్డి జాతిది, లెక్కకు రాదని సారు చెప్పిండు. ఆపా ఒప్పుకున్నది.

దేంట్ల కలపాలె? స్టీలు గంజుల కలిపితె ఉగాది ఎట్లయితది, కొత్త మట్టి కుండనే కావాలె అని అత్తమ్మ పట్టు పట్టింది. నూట యాభై మందికి సరిపోయే కుండ అంటె గోలెమే. నిజామాబాద్‌ల కుమ్మరోళ్లకాడ నా నడుముదాక వచ్చే గోలెం దొరికింది. దాన్ని నా బస్సులనే తెచ్చిన. తలుపుకాడి సీటు మీద పెట్టి చీరెతోని కట్టిన. లగేజీ టికెట్ నేనే కొట్టి దాని మూతికి చెక్కిన. బస్సు నిండినంక జనం సంచులు గోలెంల వేసుడు మొదలువెట్టిండ్రు. ఒకామె ఉల్లిగడ్డలు, ఒకాయన టిఫిన్ డబ్బ, ఇద్దరు బడిపిల్లల పుస్తకాల సంచులు. జానకంపేట కాడ చెకింగ్ ఆయన ఎక్కిండు. అందరి టికెట్లు చూసి గోలెం కాడికి వచ్చి, దాని టికెట్ కూడ చూసిండు, ఉన్నది. లోపలికి తొంగిచూసి ఇదేందని అడిగిండు. ఫ్రూట్ పంచ్‌కు అని చెప్పిన. ఆయన పెన్ను జేబుల పెట్టుకొని, ఎన్ని గంటలకు అని అడిగిండు.

చెరుకు రసం బండి ఆయన రంజాన్ నాడు రానని ముందే చెప్పిండు. ఎట్లైన రాత్రంత నానాలె గనుక ఉగాది నాడు పొద్దుగాలనే కలిపితె, తెల్లారి మాపటికి తాగొచ్చని లెక్క వేసుకున్నం. ఉగాది నాడు ఏడు గంటలకే మా వాకిట్ల బండి పెట్టించి రసం తీపిచ్చినం. ఆడోళ్లం పండ్లు కోసినం. ఉప్పుకాడికి వచ్చేసరికి చిక్కు వచ్చింది. ఎనిమిది మందికి చిటికెడు అని నేను విన్న. నూట యాభై మందికి ఎన్ని చిటికెలు అంటె మా ఆయన పందొమ్మిది అన్నడు. సారు ఒప్పుకోలే. చిటికె అనేది కొలత కాదు, ఎవరి ఏలు వాళ్లదే అన్నడు. మా అత్తమ్మతోని పదిసార్లు చిటికె పట్టిపిచ్చి, కాయితంల పోసి తూకం చూసి, పదితోని భాగించి, దాన్ని పందొమ్మిదింతలు చేసి, అప్పుడు వేసిండు. అత్తమ్మ ఆ పది చిటికెలు పట్టినంత సేపు కండ్లు మూసుకొని పట్టింది, వ్రతం చేసినట్టు.

తర్వాత సారు తన సంచిల నుంచి గుడ్డల చుట్టిన గాజు కడ్డీ తీసిండు. లాబుల తీపి చూసే కడ్డీ అది. రసంల వదిలితె నిలువుగ తేలుతది. రసం ఎంత తియ్యగ ఉంటె అంత పైకి లేస్తది, తీపి తగ్గితె మునుగుతది. దాని మీద గీతలుంటయి. సారు వంగి, కన్ను గీత మట్టానికి పెట్టి, పదహారు అని చెప్పిండు. మా గోడ మీద చాక్‌పీసుతోని రాసిండు కూడ.

ఇగ రుచి ఎవరు చూస్తరు? ఆపా వాళ్లందరు రోజా ఉపాసం మీద ఉన్నరు. అందరికి పొయ్యకముందు తాగనని అత్తమ్మ మొక్కుకున్నది. సారుకు షుగరు. మా ఆయనకు దగ్గు. నేను ఒక్కదాన్నే అర గిలాస తాగిన. అబద్ధమెందుకు, మస్తుగున్నది. మామిడికాయ పులుపు, అల్లం ఘాటు, వెనుక నుంచి చెరుకు తీపి. ఆపా వాసన చూసి మంచిగున్నదన్నట్టు తల ఊపింది. సారు కూడ వంగి గట్టిగ పీల్చి, వాహ్ అన్నడు.

పగటీలి పన్నెండింటికి సారు మళ్ల వచ్చి కడ్డీ వదిలిండు. పదహారుకు జర తక్కువ. పట్టించుకోలే. నాలుగింటికి పదిహేను. ఆరింటికి పద్నాలుగు. సారు కడ్డీ తుడిచి మళ్ల వేసిండు, మళ్ల అదే. మొకం మారింది. నన్ను పక్కకు పిలిచి, గోలెంల నుంచి ఎవరో తీస్తున్నరని మెల్లగ చెప్పిండు. గోలెం నిండుగనే ఉన్నది గదా సార్ అన్న. గందుకే, తీసినంత తీసి నీళ్లు పోస్తున్నరన్నడు. తీపి తగ్గేటందుకు ఇంకో కారణం లేదన్నడు. ముప్పై ఏండ్ల అనుభవమున్న మనిషి. నేను నమ్మిన.

అనుమానం వచ్చినంక మనుషులు వేరే తీరు కనవడుతరు. అత్తమ్మ మూతి తుడుచుకున్నా నాకు అనుమానమే. మా ఆయనకు దగ్గు తగ్గింది, ఎట్ల తగ్గింది? ఎదురింటాయన మా వాకిట్లకు రెండుసార్లు చెంబు పట్టుకొని వచ్చిండు. సారు రెండు కిలోల చక్కెర తెచ్చి కలిపి మళ్ల పదహారుకు తెచ్చిండు. గోలెం చుట్టు నాలుగు కుర్చీలు వేపిచ్చిండు. ఆడోళ్లు ఇద్దరు, మొగోళ్లు ఇద్దరు, రెండు గంటలకు ఒకసారి మారాలె. కాపలా ఉన్నోళ్లు గోలెం దిక్కు చూడొద్దు, ఒకరినొకరు చూసుకోవాలె అన్నడు. గట్లనే చూసుకున్నం.

ఆ మాపటికి గల్లీ అంత మిద్దెలు ఎక్కి పడమర దిక్కు చూసింది. మేం కూడ ఎక్కినం, మా పంచ్ కూడ దాని మీదనే ఆధారపడి ఉన్నది గదా. మబ్బు పట్టింది. ఒకాయన కనవడ్డదన్నడు, అది కరెంటు తీగ. జరసేపటికి మసీదు మైకుల చెప్పిండ్రు, చాంద్ కనవడలేదు, రేపు కూడ రోజానే, ఎల్లుండి పండుగ. ఆపా కోడండ్లు ఇంకొక రోజు ఉపాసమని నీరసంగ దిగిండ్రు. నేను గోలెం దిక్కు చూసిన. రాత్రంత నానాలె అన్నది రెండు రాత్రులు నానితె ఇంక రుచే గదా అనుకున్న. ఐస్ గడ్డలు తెప్పిచ్చి చుట్టు పేర్చి, తడి గోనెసంచులు కప్పి, మూత పెట్టినం.

తెల్లారి నాకు డ్యూటీ. పొద్దుగాల ఆరింటి ట్రిప్పుకే సారు ఫోను వచ్చింది. పదమూడు. తొమ్మిదింటికి మళ్ల చేసిండు, పన్నెండు. కాపలా మధ్యలనే చోరీ అయితున్నదన్నడు. నేను ఫోన్ల పన్నెండా అని గట్టిగ అంటుంటె బస్సుల వాళ్లు అడుగుడు మొదలువెట్టిండ్రు. చెప్పక తప్పలే. పదకొండింటి ట్రిప్పుల ఒకాయన ఎక్కుడు ఎక్కుడే ఇప్పుడు ఎంత ఉన్నది అని అడిగిండు. పదకొండు అన్న. అయ్యో అని కూసున్నడు. ఎడపల్లి కాడ ఇద్దరు అవ్వలు దొంగ ఎవరై ఉంటరో వాదులాడుకుంట, దిగే స్టేజీ దాటిపోయిండ్రు.

ఒంటిగంటకు అత్తమ్మ ఫోను చేసింది. ఆమె ఫోను చేసుడు అరుదు. మూత కదులుతున్నదని చెప్పింది. గాలికి కావచ్చన్న. గాలి లేదు, మూత కొద్దిగ లేస్తున్నది, బుస్సుమంటున్నది, మళ్ల కూసుంటున్నది, గోలెం ఊపిరి తీస్తున్నదన్నది. కాపలా ఉన్న నలుగురు కుర్చీలు వెనక్కి జరుపుకున్నరట. అత్తమ్మ మాత్రం భయపడలే. ఈ ఏడు ఉగాది పచ్చడి మానేసి ఏదో పంచ్ అన్నం గనుక అమ్మోరు వచ్చి కూసున్నదని ఆమెకు అర్థమైంది. గోలేనికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మూతికి వేపమండలు కట్టింది.

నేను నాలుగింటికి ఇంటికి వచ్చిన. గల్లీ మలుపుకాడనే వాసన తగిలింది. నాకు తెలిసిన వాసనే, ఆఖరి ట్రిప్పుల కొందరు తాగి ఎక్కుతరు, వాళ్లతోని వచ్చే వాసన. మా వాకిట్ల గోలెం పసుపుకుంకుమలతోని నిండుగ ఉన్నది. మూత లేస్తున్నది, కూసుంటున్నది. దాని ముంగట సారు కడ్డీ పట్టుకొని కూసున్నడు, గోడ మీద అంకెలు కిందిదాక దిగినయి. పది.

ఆపా మా గేటు బయట నిలవడ్డది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది. లోపలికి రమ్మంటె రాలే. నేనే బయటికి పోయిన. ఆమె చుట్టు చూసి, మెల్లగ అన్నది.

"బేటీ, పొద్దటి సంది చెప్దమనుకుంటున్న. నీ మనసుకు కష్టమైతదని ఆగిన. గిది షర్బత్ కాదు ఇగ. షరాబ్ అయింది."

నూట యాభై మందికి, అందుల సగం మంది నెలరోజులు నోట్ల నీళ్లు పోసుకోకుండ ఉపాసమున్నోళ్లకు, పండుగ నాడు పొయ్యాలనుకున్నది గిదా అని నెత్తికి చెయ్యి పెట్టుకున్న. ఆపా నా చెయ్యి పట్టుకున్నది. ఎవ్వరు తాగలే గదా, అల్లా ఒక్కరోజు చాంద్ చూపియ్యకుండ ఆపిండు, లేకుంటె తాగుతుంటిమి అన్నది.

నేను లోపలికి వచ్చి సారుకు చెప్పిన. దొంగ లేడు సార్, పులిసింది అని. సారు నా మొకం చూసిండు, గోలెం చూసిండు, కడ్డీ చూసిండు. లేచి వంగి గట్టిగ పీల్చిండు. మళ్ల పీల్చిండు. కూసున్నడు.

"కరోనా వచ్చిపోయిన కాడి నుంచి నాకు వాసన తెల్వదమ్మా. ఇంట్ల కూడ చెప్పలే. ముప్పై ఏండ్లు నేను రసాన్ని నిలువనియ్యలే. నిలిస్తె పులుస్తది, పులిస్తె తీపి తగ్గుతది అని కొత్తగ వచ్చినోళ్లకు నేనే నేర్పిన."

ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆయన మీద కోపం రావాలె నాకు, రాలే. రెండేండ్ల సంది మా ఇంటికి వచ్చినప్పుడల్ల చాయ్ వాసన చూసి వాహ్ అనే మనిషి. అన్నీ యాది మీద నుంచి అన్నడన్న మాట. కాపలా ఉన్న నలుగురు ఒకరినొకరు అనుమానించుకున్నందుకు సిగ్గుపడి కుర్చీలు మడిచి లోపల పెట్టిండ్రు.

ఇగ దాన్ని ఏం చెయ్యాలె? మోరిల పోస్తె అది ఆపా ఇంటి ముంగట నుంచి పారుతది. తెల్లారితె నమాజుకు పోయే తొవ్వ అంత కంపు. అమ్మోరు కూసున్నదాన్ని మోరిల పోస్తవా అని అత్తమ్మ. ఇంట్ల అరువై లీటర్లు పెట్టుకుంటె నన్నే పట్టుకపోతరని మా ఆయన. నలుగురు నాలుగు మాటలంటుంటె ఆపా గేటు అవతల నుంచే చెప్పింది, పారబోయకండ్రి అని. వాళ్ల నానమ్మ చెరుకు రసాన్ని గిట్లనే గోలెంల పోసి మూతికి గుడ్డ కట్టి ఎండల పెట్టేదట. మొదట గిట్ల కంపు కొట్టి ఖరాబవుతది, అట్లనే వదిలేస్తె నలభై రోజులకు తనంతట తానే సిర్కా అయితది, దుకాన్ల వెనిగర్ అని అమ్ముతరే, అది. సిర్కా అయితె పాక్, ఏ దోషం లేదు, ఉల్లిగడ్డలల్ల పోసుకొని తినొచ్చు అన్నది. గని అప్పటిదాక పండుగ చేసుకునే గల్లీల వద్దు, దూరంగ ఎక్కడన్న పెట్టుమన్నది. సారు తల ఎత్తిండు. రుద్రూర్ తొవ్వల వాళ్ల తమ్ముని చెరుకు తోట ఉన్నది, మోటరు కొట్టం ఉన్నది అన్నడు.

ట్రాలీ ఆటో పిలిచినం. ఎనమండుగురు మొగోళ్లు గోలేన్ని ఎత్తి పెట్టిండ్రు. నేను ఖాకీ డ్రెస్సు మీదనే ఎక్కి, పడకుండ రెండు చేతులతోని దాన్ని పట్టుకొని కూసున్న. అత్తమ్మ పక్కన కూసున్నది, అమ్మోరిని ఒక్కదాన్ని పంపనన్నది. సారు డ్రైవర్ పక్కన, చేతుల కడ్డీ నిలువుగ పట్టుకొని. పసుపు కడిగే తీరిక దొరకలే.

ఊరు దాటినంక ఇద్దరు ఆడోళ్లు మమ్ముల చూసి నెత్తిన కొంగు కప్పుకొని దండం పెట్టిండ్రు. అత్తమ్మ కూడ దండం పెట్టింది. డ్రైవర్ అది చూసి భక్తి పాటలు పెట్టిండు. ఒక బైకు వెనుక పడ్డది, ఏ ఊరి జాతర అని అడిగిండు. జాతర కాదని చెప్పిన గని పాటల్ల వినవడలే. ఇంకో రెండు ఊర్లు దాటేసరికి పదకొండు బైకులు అయినయి. ఒక ఊరి కమాన్ కాడ ఆటో ఆపి, ఒకాయన ముందు చక్రం కాడ కొబ్బరికాయ కొట్టిండు. సారు దిగి, అయ్యా ఇది దేవత కాదు, పులిసిన రసం అని వివరంగ చెప్పవోయిండు. తీర్థమా అని వాళ్లు చేతులు చాపిండ్రు. సారు ఆటో ఎక్కి, జల్ది పోనియ్యి అన్నడు. అప్పుడే మూత ఒక్కసారి బుస్సుమని లేచింది. ఇగ వెనుక ఉన్నోళ్లను ఆపుడు నా తరం కాలే. పదకొండు బైకుల వాళ్లు చెయ్యేసి గోలేన్ని చెరుకు తోటల మోటరు కొట్టంల దింపిండ్రు. అట్ల చూస్తె మాకు సాయమే అయింది, ముగ్గురం దింపేటోళ్లం కాదు.

తెల్లారి రంజాన్ మంచిగ అయింది. ఆపా ఇంటి నుంచి షీర్ ఖుర్మా వచ్చింది. తాగేటందుకు సారు ఎక్కడెక్కడనో తిరిగి, చెరుకు రసం బండి ఆయన ఇంటికే పోయి బతిమిలాడి తెచ్చి గల్లీల నిలవెట్టిండు. గిలాస నిండుడు ఆలస్యం, చేతిల గడియారం చూసుకుంట, రెండు నిమిషాలల్ల తాగెయ్యాలె అని ఒక్కొక్కరి పక్కన నిలవడ్డడు. పెద్దమనుషులు కూడ గుటగుట తాగి ఖాళీ గిలాస ఆయనకు చూపిచ్చి పోయిండ్రు. ఆ చెకింగ్ ఆయన కూడ వచ్చిండు. పంచ్ ఏదని అడిగిండు. అయిపోయిందన్న.

నలభై రోజులైనంక ఆపా, నేను, అత్తమ్మ, సారు నలుగురం ఖాళీ సీసలు పట్టుకొని తోటకు పోయినం. కొట్టం ముంగట ఎవరో అలికి ముగ్గు వేసిండ్రు. గోలేనికి ఎర్రగుడ్డ చుట్టి ఉన్నది. కొబ్బరి చిప్పలు కుప్ప పడి ఉన్నయి. సారు తమ్ముడు, నేనేం చెయ్యను, వస్తున్నరు, వద్దంటె నా మీదనే కోపానికొస్తున్నరు అని చేతులు తిప్పిండు. మేం పోయినప్పుడు చందూర్ నుంచి వచ్చిన ఒక నడీడు ఆమె తడిబట్టలతోని గోలెం చుట్టు తిరుగుతున్నది. ఆమె అయిదు చుట్లు అయ్యేదాక నిలవడ్డం. అత్తమ్మ దండం పెట్టి మూత తీసింది. ఆపా గరిటెతోని తీసి నాలుక మీద ఒక చుక్క వేసుకొని, కన్ను మూసి తెరిచి, అయిందన్నది. పచ్చని బంగారు రంగున, తేటగ ఉన్నది. ముక్కుకు సుర్రుమన్నది.

మేం సీసలల్ల నింపుకుంటుంటె ఆ చందూర్ ఆమె తెల్లబోయి చూసింది. నాకు మనసొప్పలే. చెల్లె, తప్పు మాదే, ఇది దేవత కాదు, మా గల్లీ పండుగకు కలిపిన రసం, పులిసి సిర్కా అయింది, ఉల్లిగడ్డలల్ల పోసుకుంటరు అని మొదటి సంది చెప్పిన. ఆమె తిడుతదనుకున్న. ఆమె గోలెంలకు తొంగిచూసింది, వాసన చూసింది, ఆపా గరిటెల నుంచి ఒక చుక్క నాకింది. దగ్గింది.

"మరి నాకు కూడ ఒక సీస పొయ్యి అక్కా," అన్నది.

మాకాడ సీసలు మిగలలే. ఆమె తను తెచ్చుకున్న నీళ్ల బాటిల్ ఖాళీ చేసి ఇచ్చింది, ఆపా నింపింది. తర్వాత ఆమె సంచిల నుంచి కొబ్బరికాయ తీసి, తెచ్చినంక ఎట్లైన కొట్టుడే గదా అని గడప రాయి మీద కొట్టింది. గట్టు మీద కూసొని అయిదుగురం పంచుకొని తిన్నం. సారు తమ్ముడు ఎండుమిర్చి పొడి తెచ్చిండు. కొబ్బరి ముక్కకు కారం అద్ది, మీద రెండు చుక్కల సిర్కా వేసుకొని తింటె ఎట్లుంటదో ఆ రోజే తెలిసింది.